పాట గుర్తుంది... పాడినవారెవరు?

గోదావరి జిల్లాల్లో ఏ ఊరిలోనైనా సాయంత్రం పూట అరుగు మీద నలుగురు పెద్దలు కూర్చున్నచోట 'పాతాళభైరవి' మాట ఎత్తి చూడండి. తోటరాముడు, నేపాళ మాంత్రికుడు, సదాజపుడు అందరూ వరసగా వచ్చేస్తారు. 'ప్రేమ కోసమై' పాట అనగానే ఎవరో ఒకరు కూనిరాగం అందుకుంటారు కూడా. ఆ పాట పాడిందెవరు అని అడగండి. ఘంటసాల అని తడుముకోకుండా చెప్పేవారే ఎక్కువ.

కాదు. సంగీతం ఘంటసాలది. గొంతు వి.జె.వర్మ అనే గాయకుడిది. 1951లో ఆ సినిమా వచ్చింది. టూరింగు టాకీసుల్లో, ఆ తర్వాత పక్కా హాళ్ళలో మళ్ళీ మళ్ళీ ఆడింది. పాట తాతల నుంచి మనవల దాకా దిగింది. వర్మ పేరు మాత్రం ఆ పాట దగ్గరే ఆగిపోయింది.

అదే సినిమాలో 'ఇతిహాసం విన్నారా' పాడింది టి.జి.కమలాదేవి. ఆమె తర్వాత బిలియర్డ్స్ ఆటలో జాతీయ స్థాయిలో నెగ్గిన క్రీడాకారిణి అని చెబితే నమ్మేవారు తక్కువ. 1953లో వచ్చిన 'దేవదాసు'లో సావిత్రి దుఃఖానికి గొంతు ఇచ్చి 'అంతా భ్రాంతియేనా' పాడిన కె.రాణి అప్పటికి లంగా కట్టుకునే చిన్నపిల్ల. 1956లో 'ఇలవేల్పు' చిత్రంలో లీల, సుశీలలతో కలిసి చందమామ మీద పాట పాడిన రఘునాథ్ పాణిగ్రాహి ఒరియా దేశస్థుడు. ఆయన తన ఊళ్ళో గీతగోవిందం పాడి పెద్దపేరు తెచ్చుకున్నారు. మనవాళ్ళకు మాత్రం ఆ చందమామ పాటే ఆయన. అదీ పాట గుర్తున్నంతగా మనిషి గుర్తులేడు.

ఒక్క పాటతో ఇంటింటికీ వచ్చి, పేరు మాత్రం గుమ్మం బయటే వదిలేసి వెళ్ళినవారు వీరంతా. సినిమావారి సంగతి కనీసం పాటల పుస్తకంలోనైనా అచ్చయింది. అణాలకు అమ్మిన ఆ సన్నటి పుస్తకాలు ఇప్పటికీ కొందరి పెట్టెల్లో ఉన్నాయి. అచ్చులో ఎక్కడా పేరు పడకుండా, ఈ పాటలను ఊరూరా మోసుకు తిరిగిన బ్యాండు మేళాల వారి సంగతే అసలు అడగవలసింది.

షెడ్డుల్లో పుట్టిన పాటలు

ఈ మతిమరుపు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1960 దశకంలో పదహారు, పద్ధెనిమిదేళ్ళ కుర్రాళ్ళు నలుగురైదుగురు కలిసి ఇంటి పక్కన కారు నిలిపే షెడ్డులో గిటార్లు, డ్రమ్ములు వేసుకుని వాయించేవారు. చెవులు పగిలేలా ఉందని ఇరుగుపొరుగు తిట్టేవారు. ఆ షెడ్డును వాళ్ళు గ్యారేజి అంటారు కనుక వీటికి గ్యారేజి బ్యాండ్లని పేరు పడింది. ఇలాంటి బృందాలు వేల సంఖ్యలో పుట్టాయి. చాలావాటికి ఒక్క రికార్డుతోనే కథ ముగిసింది.

పోర్ట్‌లండ్ అనే పట్టణంలో కింగ్స్‌మెన్ అనే బృందం 1963లో 'లూయీ లూయీ' అనే పాట రికార్డు చేసింది. మైకు పైకప్పు దగ్గర ఎక్కడో వేలాడుతుంటే పాడేవాడు మెడ చాచి అరిచాడు. మాటలు ఒక్కటీ తెలియలేదు. తెలియలేదు కనుక అందులో బూతులున్నాయని పుకారు పుట్టింది. తల్లిదండ్రులు ఫిర్యాదులు రాశారు. చివరకు అక్కడి కేంద్ర పోలీసు శాఖ ఎఫ్.బి.ఐ. రెండేళ్ళకు పైగా విచారణ జరిపింది. ప్లేటును ఏ వేగంతో తిప్పి విన్నా మాటలు అర్థం కావడం లేదని తేల్చింది. ఈలోగా పాట దేశమంతా మోగిపోయింది. పాడిన జాక్ ఈలీ మాత్రం పాటకు పేరు రాకముందే తగవు పడి బృందం నుంచి బయటకు వెళ్ళిపోయాడు. అసలు ఆ పాట రాసి 1957లోనే మొదట పాడిన రిచర్డ్ బెర్రీ అనే నల్లజాతి గాయకుడు తన హక్కులను 750 డాలర్లకు అమ్ముకున్నాడు. పెళ్ళి ఖర్చు ముంచుకొచ్చిందట. పెళ్ళి ఖర్చుకు పొలం అమ్మినవారు మన ఊళ్ళలోనూ ఉన్నారు కనుక ఆయన అవస్థ వేరే వివరించనక్కరలేదు.

1966లో '96 టియర్స్' అనే పాటతో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కిన మరో బృందం సంగతి ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. పొలం పనుల కోసం మెక్సికో నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు వాళ్ళు. అంతటి విజయం మళ్ళీ వాళ్ళకు దక్కలేదు. మూలన పడిన ఇలాంటి పాటలను ఏరి లెన్నీ కే అనే ఆయన 1972లో ఒక సంపుటంగా తెచ్చాడు. అప్పటినుంచి ఆ షెడ్డు కుర్రాళ్ళను వెతికి పట్టుకుని, పేర్లు, ఊళ్ళు రాసి పెట్టుకునే పని అక్కడ ఇప్పటికీ సాగుతోంది.

మన దేశంలోనూ ఈ గిటార్ల గాలి వీచింది. సిమ్లా సిగరెట్ల ప్రచారం కోసం పెట్టిన పోటీల్లో నెగ్గిన బృందాల పాటలు 1970లోనూ, 1971లోనూ ప్లేట్లుగా వచ్చాయి. మద్రాసు కుర్రాళ్ళ 'కన్‌ఫ్యూజన్స్' బృందం అందులో ఉంది. అయితే అవన్నీ పట్నాల్లో ఇంగ్లీషు చదువుల పిల్లల సరదాలు. గోదావరి గట్టు దాకా రాలేదు.

గట్టు మీద ఉన్న సరదా వేరు. అమెరికాలో కారు షెడ్డయితే ఇక్కడ ధాన్యం మిల్లు షెడ్డు. కోనసీమలో కొబ్బరికాయలు వలిచే పాక. పంట చేతికొచ్చాక ఖాళీ అయిన పశువుల చావిడి. చీకటి పడ్డాక లాంతరు పెట్టుకుని క్లారినెట్టు, ట్రంపెట్టు, డ్రమ్ములతో సాధన చేసేవారు. ఊరివారి తిట్లు మాత్రం రెండు చోట్లా ఒకటే.

కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ ఉంది. ఉద్యోగాలు, చదువులు ముగించుకుని సాయంత్రాలు నాటకాలు వేసిన యువకుల సంఘం అది. ఆదినారాయణరావు, అంజలీదేవి, ఎస్.వి.రంగారావు ఆ వేదిక ఎక్కినవారే. వాళ్ళు మద్రాసు రైలెక్కారు, దేశానికి తెలిశారు. ఆదినారాయణరావు 'సువర్ణసుందరి'కి కట్టిన బాణీలు ఉత్తరాదిలోనూ మోగాయి. కానీ అలాంటి వేదికల మీద వాళ్ళతోపాటు పక్కవాద్యం వాయించి, ఒక రాత్రి ఒక పాటకో, ఒక పద్యానికో 'ఒన్స్ మోర్' కొట్టించుకుని, తెల్లారి ఎవరి పనికి వారు వెళ్ళిపోయిన వారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. రైలెక్కినవారి చరిత్ర రాశారు. ప్లాట్‌ఫారం మీద నుంచి చెయ్యి ఊపినవారి సంగతి ఎవరూ రాయలేదు.

బ్యాండు వస్తోందంటే

బ్యాండు మేళం తెల్లదొరల సైన్యం నుంచి దిగిన వాద్యం. దుస్తులు కూడా అలాగే ఉండేవి. ఎర్రకోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, తలమీద టోపీ. కోటు ఒకరి కొలతకు కుట్టింది ఇంకొకరు వేసుకోవలసి వచ్చేది. పొడుగాటివాడికి చేతులు మోచేతి దాకానే వచ్చేవి. కాళ్ళకు మాత్రం చాలాసార్లు చెప్పులుండేవి కావు. క్లారినెట్టు మాస్టరు ముందు, ట్రంపెట్లు ఆ వెనుక, పెద్ద బాకా, పక్క డ్రమ్ము, కడుపు మీద మోసే పెద్ద డ్రమ్ము, తాళాలు, గలగలలాడే కాయలు. రెండు పక్కలా నెత్తిన పెట్రోమాక్సు లైట్లు మోసే ఆడవాళ్ళు, పిల్లలు. చుట్టూ ఊరి కుర్రకారు.

కొత్త సినిమా పడిందంటే బ్యాండు మాస్టరుకు పరీక్షే. అప్పుడు ఫోనులో పాట దాచుకునే వీలు లేదు. నేల టిక్కెట్టు కొనుక్కుని మొదటి ఆటా రెండో ఆటా చూసి బాణీ చెవిలో పెట్టుకుని రావాలి. తెల్లవారేలోగా క్లారినెట్టు మీద పలికించాలి. రెండు రోజుల్లో దళం అందరికీ నేర్పాలి. ఆదివారం పెళ్ళిలో కుర్రాళ్ళు అదే అడుగుతారు. రాదంటే వచ్చే ఏడాది బయానా పక్క ఊరి మేళానికి పోతుంది. సంగీతం స్వరాలతో రాసుకునే చదువున్న మాస్టర్లు కొందరే. మిగిలినవారిది చెవి విద్య. అందువల్ల ఒకే పాట అమలాపురంలో ఒక రకంగా, తణుకులో ఒక రకంగా పలికేది. మధ్య చరణంలో మరచిపోయిన చోట మాస్టరు తన సొంతం కలిపేసేవాడు. ఆ సొంతమే బాగుందని మళ్ళీ అడిగి వాయించుకున్నవారూ ఉన్నారు.

వీటన్నిటిలోకీ చావులేనిది 'నాగిన్' పాట. 1954లో వచ్చిన హిందీ సినిమా అది. హేమంత్ కుమార్ సంగీతం. అందులో పామును ఆడించే ఆ నాగస్వరం నిజానికి నాగస్వరమే కాదు. క్లావియొలిన్ అనే కరెంటు వాద్యం మీద కల్యాణ్‌జీ వాయించారు. బొంబాయిలో కరెంటుతో పుట్టిన ఆ పాము మన జిల్లాల్లో కరెంటు లేని ఊళ్ళకు కూడా క్లారినెట్టులో దూరి వచ్చేసింది. హిందీ ఒక్క ముక్క రానివారు, ఆ సినిమా పేరైనా విననివారు కూడా ఆ బాణీకి పడగ పట్టారు. పెళ్ళికొడుకు మేనమామ రుమాలు కొసను పళ్ళ మధ్య బిగించి మోకాళ్ళ మీద వాలిపోతే, క్లారినెట్టు మాస్టరు కూడా వంగి నేలకు ఆనించి వాయించేవాడు. కోటు మోకాళ్ళు మట్టికొట్టుకుపోయేవి. నోటు మాత్రం నుదుటికి అంటించేవారు. ఎవరూ పేరు అడిగేవారు కారు. 'ఏయ్ బ్యాండూ, ఇంకోసారి' అనేవారు.

తీర్థాల్లో రెండు మేళాలు ఎదురుపడితే పోటీ. రథం దగ్గర వలయంగా నిలబడి ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకునేవారు. ఎవరి దగ్గర ఊపిరి ముందు అయిపోతే వారు ఓడినట్టు. తెల్లవారుజాము దాకా సాగిన పోటీలు ఉన్నాయి. అలాంటి ఒక రాత్రి గెలిచిన మాస్టరు పాతికేళ్ళపాటు ఆ రాత్రి మీదనే బతికేవాడు. 'ఫలానా తీర్థంలో వాయించినాయన' అనే గుర్తుతో బయానాలు వచ్చేవి. ఆ పేరు కూడా ఊరి పేరే, మనిషి పేరు కాదు.

ఈ వృత్తి ఎవరిదన్నదీ చెప్పుకోవాలి. సన్నాయి, డోలు తరతరాలుగా నాయీబ్రాహ్మణ కుటుంబాలవి. డప్పు దళితవాడలది. బ్యాండు కోటు తొడుక్కున్నవారిలోనూ ఎక్కువమంది కూలి పని చేసుకునే ఇళ్ళవాళ్ళే. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా పెళ్ళిళ్ళ రోజుల్లో వాయించి, ఆషాఢం, మూఢం వచ్చిందంటే ఊడ్పులకు, కలుపుకు వెళ్ళేవారు. రాత్రంతా ఊపిరి పోసి వాయించినవారికి భోజనం చివరి బంతిలో, అదీ పందిరి బయట పెట్టిన ఊళ్ళు లెక్కలేనన్ని. పాట కావలసివచ్చింది, మనిషి పక్కన కూర్చోవడం మాత్రం కావలసిరాలేదు. పేర్లు ఎందుకు మిగల్లేదో వెతుక్కుంటే జవాబులో సగం ఇక్కడే ఉంది.

మిగతా సగం పళ్ళు. క్లారినెట్టుకైనా ట్రంపెట్టుకైనా ముందుపళ్ళు, పెదవుల బిగువు ఆధారం. యాభై దాటి పళ్ళు కదిలితే విద్య అంతా తలలో ఉండీ చేతికి రాదు. పింఛను లేని ఉద్యోగం. మాస్టరు తాళాలకు మారిపోయేవాడు. ఆ తర్వాత లైట్ల పక్కన నడిచేవాడు. వాద్యం కొడుకు చేతికి వస్తే వచ్చింది, లేకపోతే అటక ఎక్కింది.

ముల్లూ, ప్లేటూ, పెళ్ళిపందిరీ

బ్యాండుకు ముందూ, బ్యాండుతోపాటూ ప్లేట్లుండేవి. గ్రామఫోను పెట్టె కలవారి ఇళ్ళలో ఉండేది. కీ తిప్పి, ముల్లు మార్చి, ప్లేటు పెడితే ఒక పక్కకు మూడు నిమిషాల పైచిలుకు పాట. నిమిషానికి 78 చుట్లు. రాగాలాపన పేరుతో సాగదీస్తే కుదరదు. నాటక పద్యమైనా సరే ఆ మూడు నిమిషాల్లో ముగించాలి. అందుకనే ఆ రోజుల్లో ఒక్క ప్లేటుతో పేరు తెచ్చుకున్న నటులు, గాయకులు అంతమంది. నాటకం రాత్రంతా ఆడినా ఊరు దాటేది ఆ మూడు నిమిషాలే.

తర్వాత మైకుసెట్లు వచ్చాయి. పెళ్ళిపందిట్లో, శ్రీరామనవమి పందిట్లో, కొబ్బరిచెట్టుకు కట్టిన బాకాలోంచి ప్లేట్లు మోగేవి. మైకుసెట్టు కుర్రాడు ఏ ప్లేటు పెడితే ఊరంతా అది వినవలసిందే. అతను పాట వినిపించేవాడు తప్ప ఎవరు పాడారో చెప్పేవాడు కాదు. ఆ పని చేసింది రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. పంచాయతీ రేడియో దగ్గర చేరినవారికి చిత్రం పేరు, రచయిత పేరు, సంగీతం, గానం అన్నీ చెప్పి మరీ పాట వేసేవారు. సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలకు ముందు చెప్పే మాటల కోసమే రేడియో పెట్టుకున్నవారున్నారు. ఈనాడు వి.జె.వర్మ పేరు ఠక్కున చెప్పగలిగిన పెద్దాయన ఎవరైనా తగిలితే, ఆయన రేడియో మనిషని అనుకోవచ్చు.

ప్లేట్ల రోజుల్లో కాకినాడ అక్కచెల్లెళ్ళు వింజమూరి అనసూయ, సీత పాడిన జానపదాలు పేరు పొందాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి వారి మేనమామ. ఆయన దేశభక్తి గీతం 'జయ జయ జయ ప్రియ భారత'కు బాణీ కట్టింది అనసూయే. బడిలో ఆ పాట పాడిన పిల్లలు లక్షల్లో ఉంటారు. బాణీ ఎవరిదో చెప్పిన పంతుళ్ళు ఎందరో తెలియదు. అనసూయాదేవి 2019లో అమెరికాలోని హూస్టన్‌లో కన్నుమూశారు.

రెండు పాటలు, ముగ్గురు మనుషులు

ప్లేటు సాయం లేకుండానే గోదావరి జిల్లాలను ఊపేసిన పాట ఒకటుంది. గరిమెళ్ళ సత్యనారాయణ రాసిన 'మాకొద్దీ తెల్లదొరతనము'. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి. రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ కోసం వచ్చి, చదువు వదిలి సహాయ నిరాకరణలో దిగారు. పాట రాయడమే కాదు, వీధుల్లో తనే పాడారు. అచ్చు కాగితాల మీద, అంతకంటే ఎక్కువగా నోటి మీద అది ఊళ్ళకు పాకింది. దొరతనం వారు పాటను నిషేధించి కవిని 1922లో జైలుకు పంపారు. జైలు నుంచి వచ్చాక ఆయన ఇంకా ఎన్నో రాశారు. జనం మాత్రం ఆ ఒక్కటే అడిగారు. స్వరాజ్యం వచ్చాక 1952 డిసెంబరు 18న మద్రాసులో కటిక పేదరికంలో ఆయన పోయారు. పాడినవారంతా ఏమయ్యారని అడగడానికి అప్పటికే చాలామందికి తీరిక లేదు.

రెండో పాట 'మా తెలుగుతల్లికి'. రాసిన శంకరంబాడి సుందరాచారి తిరుపతివారు. పత్రికలో ప్రూఫులు దిద్దారు, బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు, ఎక్కడా నిలవలేదు. రామాయణం రాశారు, ఇంకా ఎన్నో రాశారు. 1942లో వచ్చిన 'దీనబంధు' సినిమా కోసం ఈ పాట రాశారని చెబుతారు. దానికి గొంతు ఇచ్చి ప్లేటు మీదకు ఎక్కించింది రాజమండ్రి ఆడపడుచు. టంగుటూరి సూర్యకుమారి 1925లో ఇక్కడే పుట్టారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తమ్ముడి కూతురు. 'రైతుబిడ్డ'లోనూ, 'దేవత'లోనూ నటించి పాడినప్పుడు ఇంకా చిన్నవయసే.

ఆమెను ఒక్క పాట మనిషి అనడం నిజానికి అన్యాయం. 1961లో న్యూయార్కులో రవీంద్రనాథ్ టాగూరు నాటకంలో రాణి వేషం వేసి అక్కడి విమర్శకుల బహుమతి అందుకున్నారు. తర్వాత లండనులో స్థిరపడి భారతీయ కళలకు సంస్థ పెట్టారు. 2005లో అక్కడే కన్నుమూశారు. ఇంత చేసినా పుట్టిన ఊళ్ళో ఆమెను తలుచుకునేది ఆ ఒక్క పాటకే. అదీ ఎవరైనా గుర్తుచేస్తేనే. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన ఏడు ఆ పాటకు రాష్ట్రగీతం హోదా వచ్చింది. సుందరాచారి అప్పటికి బతికే ఉన్నారు. మరో రెండేళ్ళకు, 1977 ఏప్రిల్ 8న వెళ్ళిపోయారు. తిరుపతిలో ఆయనకు విగ్రహం ఉంది. సభల్లో ఆ పాట మొదలుకాగానే అందరూ లేచి నిలబడతారు. నిలబడినవారిలో రాసిన పేరు, పాడిన పేరు రెండూ తెలిసినవారు ఎందరో సభ ముగిశాక లెక్కపెట్టి చూసుకోవచ్చు.

వడిసలేరు గొంతు

ఒక్క పాట అదృష్టం సెల్‌ఫోను కాలంలో మళ్ళీ ఈ ప్రాంతానికే వచ్చింది. రంగంపేట మండలం వడిసలేరుకు చెందిన పసల బేబీ పనిపాటలు చేసుకునే గృహిణి. 2018లో ఆమె 'ప్రేమికుడు' చిత్రంలోని పాటను పాడుతుండగా ఎవరో ఫోనులో తీశారు. తాళం లేదు, వాద్యం లేదు. ఆ చిన్న వీడియో దేశం చుట్టి వచ్చి, ఆ పాట కట్టిన ఎ.ఆర్.రహమాన్ దాకా చేరింది. ఎవరో తెలియని మనిషి, చక్కటి గొంతు అని ఆయన కూడా మెచ్చుకుంటూ దానిని పంచుకున్నారు. సంగీత దర్శకుడు కోటి పిలిపించారు. చిరంజీవి ఇంటికి ఆహ్వానించారు. తూర్పు గోదావరికే చెందిన రఘు కుంచె ఆమెతో 'మట్టి మనిషినండి నేను' అనే పాట పాడించారు.

ముందు పాట వచ్చి, ఆ తర్వాత ఎవరీమె అని అందరూ వెతికారు. పేరు దొరికింది, ఊరు దొరికింది. వెనకటి బ్యాండు మాస్టరుకు దక్కనిది అదే. అయితే కీర్తి వచ్చినంత వేగంగా బతుకుతెరువు రాదన్నది పాత సంగతే. ఫోనులో ఇవాళ వచ్చిన పాటను రేపటిది తోసేస్తుంది. 'ప్రేమ కోసమై' కోసం హాలు బయట వరస కట్టినట్టు దేనికోసమూ ఎవరూ ఆగడం లేదు.

బ్యాండు సంగతి ఇంకా కష్టం. క్యాసెట్లు వచ్చినప్పుడు సగం బయానాలు పోయాయి. కీబోర్డూ, ప్యాడ్సూ పెట్టుకుని ఆర్కెస్ట్రాలు వచ్చినప్పుడు ఇంకో సగం. ఇప్పుడు ట్రాక్టరు తొట్టిలో మనిషెత్తు డీజే పెట్టెలు. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకరు మోగకూడదని 2000 సంవత్సరంలోనే నిబంధన వచ్చినా ఊరేగింపులకు అది గుర్తుండదు. సరదా ఉన్నవారు కేరళ నుంచి చెండ మేళం రప్పిస్తున్నారు. ఆ వాద్యం గొప్పదే, ఆ కళాకారులూ కష్టజీవులే. ప్రయాణ ఖర్చులతో కలిపి అంత దూరం నుంచి పిలిపించేవారు తమ వీధి చివర ఉన్న క్లారినెట్టు మాస్టరుకు మాత్రం బేరం ఆడుతున్నారు. అయినా మేళాలు పూర్తిగా పోలేదు. శవయాత్రలకు, చర్చి ఊరేగింపులకు, గ్రామదేవత జాతరలకు ఇంకా పిలుపు ఉంది. ఎర్రకోట్లు తగ్గాయి, పాతబాణీలు తగ్గలేదు. నాగిన్ ఇంకా పడగ ఎత్తుతూనే ఉంది.

అటక మీద ప్లేట్లున్న ఇళ్ళవారు ఒక సంగతి తెలుసుకోవాలి. 78 చుట్ల ప్లేట్లు లక్కతో చేసినవి. ఏటికొప్పాక బొమ్మలకు పూసే లక్కే. ఎండ తగిలితే వంకర పోతాయి, కింద పడితే పెంకులవుతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల మాదిరి నిలబెట్టాలి. స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగి పాట పోతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు. మధ్యనున్న గుండ్రటి కాగితం మీద పాట, నాటకం, పాడినవారి పేర్లు అచ్చయి ఉంటాయి. చెదలు మొదట తినేది ఆ కాగితాన్నే. ఆ నాలుగు ముక్కలూ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటే ప్లేటు పగిలినా పేరు మిగులుతుంది.

బ్యాండువారికి అలాంటి కాగితం లేదు. వారికి ఉన్నది పెళ్ళి ఆల్బం. నలుపు తెలుపు ఫొటోల్లో పెళ్ళికొడుకు నడిమధ్యన ఉంటే, అంచున సగం తెగిన ఎర్రకోటు నల్లగా కనిపిస్తుంది. ఉబ్బిన బుగ్గ, క్లారినెట్టు చివర, వెనుక లైటు మోస్తున్న పిల్ల చెయ్యి. ఫొటో వెనుక తేదీ, స్టూడియో ముద్ర, బంధువుల పేర్లు వరసగా రాసి ఉంటాయి. ఆ అంచున ఉన్నాయన ఎవరో చెప్పగలిగిన అమ్మమ్మలు, తాతలు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నారు. ఫొటో వెనుక ఖాళీ కూడా ఉంది.